ఉల్లేఖనాల లెక్క – పరిశోధన విలువ

"తెలుగులో రాసిన వ్యాసానికి విలువ ఉంటుందా?" హోసూరు, బళ్ళారి, పర్లాకిమిడి ప్రాంతాల నుంచి వచ్చి పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఇది. విలువ అంటే ఇక్కడ వారి ఉద్దేశం ఉద్యోగ నియామకంలో దొరికే మార్కులు. ఆ మార్కుల వెనుక శతాబ్దానికి దగ్గరపడిన చరిత్ర ఒకటి ఉంది. అది తెలిస్తే ఈ ప్రశ్నను ఎలా ఎదుర్కోవాలో కొంత బోధపడుతుంది.

ఒక రచయిత తన వాదానికి ఆధారంగా మరొకరి రచనను పేర్కొనడాన్ని ఉల్లేఖనం అంటాం. ఉల్లేఖనాలను లెక్కించే పని గ్రంథాలయ అవసరం కోసం మొదలయింది. 1927లో అమెరికాలోని పొమోనా కళాశాలకు చెందిన గ్రాస్, గ్రాస్ అనే ఇద్దరు ఒక రసాయనశాస్త్ర పత్రికలోని ఉల్లేఖనాలను లెక్కపెట్టారు. చిన్న కళాశాల గ్రంథాలయం తన కొద్దిపాటి డబ్బుతో ఏ పత్రికలు తెప్పించుకోవాలో తేల్చడం వారి ఉద్దేశం. 1955లో యూజీన్ గార్ఫీల్డ్ శాస్త్ర వ్యాసాలన్నిటికీ ఉల్లేఖన సూచి ఉండాలని ప్రతిపాదించాడు. అమెరికా న్యాయవాదులు పాత తీర్పులను వెదకడానికి 1873 నుంచి వాడుతున్న షెపర్డ్ సూచి అతనికి నమూనా. 1960లో ఫిలడెల్ఫియాలో ఆయన నెలకొల్పిన సంస్థ 613 పత్రికలలోని 1961 నాటి వ్యాసాలతో తొలి శాస్త్ర సూచిని తయారుచేసింది. సామాజిక శాస్త్రాల సూచి 1973లోనూ, కళలు, మానవీయ శాస్త్రాల సూచి 1978లోనూ వచ్చాయి.

సూచిలో ఏ పత్రికలను చేర్చాలో ఎంచడానికి గార్ఫీల్డ్, ఇర్వింగ్ షెర్ కలిసి ఒక కొలత కనిపెట్టారు. అదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఒక పత్రిక గడిచిన రెండేళ్ళలో ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడు ఎన్ని ఉల్లేఖనాలు వచ్చాయో లెక్కించి, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. కొలిచేది పత్రికను. అయితే క్రమంగా అదే అంకెతో అందులో రాసిన మనిషినీ తూచడం మొదలయింది. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచి నేరుగా వ్యక్తికే అంకె కట్టింది.

మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010 నిబంధనలతో అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు ఎ.పి.ఐ. అనే పాయింట్ల పద్ధతి తెచ్చింది. ఉద్దేశం చెడ్డది కాదు. మనవాడు, పైవాడు అన్న లెక్కలతో జరిగే ఎంపికలకు అంకె కళ్ళెం వేస్తుందని ఆశించారు. కానీ పాయింట్ల కోసం వ్యాసాలు, ఆ వ్యాసాల కోసం డబ్బు పుచ్చుకొని అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. 2017లో సంఘం ఆమోదిత పత్రికల జాబితా ప్రకటించి, 2018 మేలో అందులోంచి 4,305 పత్రికలను తొలగించింది. 2019లో వచ్చిన కేర్ జాబితాలో భారతీయ భాషల పత్రికలకూ చోటు దక్కింది. 2025 ఫిబ్రవరిలో దానినీ రద్దుచేసి, పత్రికల మంచిచెడ్డలు తేల్చే పనిని విద్యాసంస్థలకే అప్పగించారు. పదిహేనేళ్ళు తిరిగి, వ్యాసాన్ని చదివి తీర్పు చెప్పే మనిషి దగ్గరకే వచ్చాం.

ఈ కొలతకు అందని పనులు ఎలాంటివో రెండు ఉదాహరణలు చూద్దాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చుకొన్నారు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ముండా భాషల పరిశోధకులు ఈనాటికీ ఆ పుస్తకాలు తిరగేస్తారు. రెండేళ్ళ గడువుతో కొలిస్తే వాటికి మిగిలేది దాదాపు సున్నా. రెండవది మాండలిక వృత్తిపదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. రైతుల నోట, నేతగాళ్ళ నోట విని సేకరించిన ఆ మాటల ఆధారంగానే తెలుగు మాండలిక మండలాల స్వరూపం తెలిసింది. అది తెలుగులో ఉన్న పుస్తకం. విదేశీ సూచులు ప్రధానంగా లెక్కించింది ఇంగ్లీషు పత్రికలను.

ఈ లోపాన్ని గుర్తించినవారు మనమొక్కరమే కాదు. 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన పత్రిక అంకెతో వ్యక్తిని అంచనా వేయవద్దన్నది. 2015 నాటి లైడెన్ ప్రణాళిక స్థానిక ప్రాధాన్యం గల పరిశోధనను కాపాడాలని కోరింది. 2019లో హెల్సింకీ ప్రకటన బహుభాషల్లో పాండిత్య ప్రచురణ జరగాలన్నది.

ఇక మన విద్యార్థుల సంగతి. వృత్తిపదకోశం సేకరణ ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు పరిమితమయింది. హోసూరు రైతు మాట, బళ్ళారి మగ్గం మాట, గంజాం పల్లెకారుల మాట అందులోకి రాలేదు. ఆ మాటలు తెలిసిన పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు. పాయింట్లు తక్కువని ఈ పనిని వాయిదా వేస్తే తరువాత ఎంత పెద్ద పత్రిక చోటిచ్చినా అందులో రాయడానికి సామగ్రి ఉండదు.

ఉద్యోగం అవసరం లేదని మేము అనడం లేదు. సేకరించిన సామగ్రిని, దాని వివరణను తెలుగులో అచ్చువేయండి. దాని నుంచి తేలిన సిద్ధాంతాన్ని ఇంగ్లీషులో రాసి, అందులో మీ తెలుగు రచనను తప్పక పేర్కొనండి. మీ తోటివారి తెలుగు వ్యాసాలను కూడా పేర్కొనండి. మనం ఒకరినొకరం ఉల్లేఖించకుండా, లోకం మనల్ని లెక్కపెట్టలేదని నిందించడం న్యాయం కాదు. ఏ భాషలో, ఏ పత్రికలో అన్నది తరువాత తేల్చుకోవచ్చు. ముందు ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించేది మాత్రం పరిశోధకుడే కావాలని మా అభిప్రాయం.