మోటారు పోయింది, ధర దిగింది: చౌక త్రీడీ స్కానర్ కథ

కంపెనీ ఎప్పుడో మూతపడినా మెషిన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఒక రోజు అందులో ఏదో భాగం విరుగుతుంది. స్పేరు దొరకదు, డ్రాయింగు ఉండదు. ఇక ఆ విరిగిన ముక్కను కొలిచి డ్రాయింగు రాబట్టాలి. ఈ రివర్స్ ఇంజినీరింగ్ చాలాకాలం పెద్ద ఫ్యాక్టరీలకే అందే పని.

తొలి పద్ధతి తాకి కొలవడం. 1972లో రోల్స్ రాయిస్ ఇంజినీరు డేవిడ్ మెక్‌మర్ట్రీ, కాంకార్డ్ విమాన ఇంజిన్‌లోని సన్నని పైపులను కొలవడానికి, తగలగానే సంకేతమిచ్చే ప్రోబ్‌ను కనిపెట్టాడు. కచ్చితమైనదే, కానీ ఒక్కో బిందువునూ విడిగా తాకాలి. వంపులు తిరిగిన భాగానికి వేల బిందువులు కావాలి. ఆ పని లేజర్ గీత చేసింది. 1999లో స్టాన్‌ఫర్డ్ బృందం ఫ్లారెన్స్‌లో మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహాన్ని అలాగే స్కాన్ చేసింది. అయితే అందుకోసం మోటార్లతో కదిలే ఎత్తైన చట్రాన్ని ప్రత్యేకంగా చేయించుకోవాల్సి వచ్చింది.

ఆ మోటారు అవసరాన్ని తప్పించింది జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం. 2006లో సైమన్ వింకెల్‌బాహ్ బృందం చూపిన పద్ధతిలో సరంజామా కొద్దిపాటిదే: రెండు పలకలు మూలగా నిలబెట్టి, ముందు వస్తువు ఉంచి, ఎదురుగా కెమెరా పెట్టాలి. లేజర్ గీతను చేత్తోనే పైనుంచి కిందికి తిప్పాలి. పలకల మీద గీత తిన్నగా పడుతుంది కాబట్టి లేజర్ ఏ కోణంలో ఉందో సాఫ్ట్‌వేర్ లెక్కకడుతుంది. వస్తువు మీద అదే గీత వంగిన తీరును బట్టి ఆకారం పట్టుకుంటుంది. ఇనుము చేసే పనిని గణితం చేసిపెట్టింది!

ఒక స్కాన్‌లో ఒక వైపే కనిపిస్తుంది. వేర్వేరు వైపుల నుంచి తీసిన స్కాన్‌లను అతికించే సూత్రాన్ని జనరల్ మోటార్స్ పరిశోధకులు బెస్ల్, మెకే 1992లోనే ప్రచురించారు. స్కాన్‌లను సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌గా, ఇటలీలోని పీసాలో 2005లో మొదలైన మెష్‌ల్యాబ్ ఉచితంగా దొరికింది. 2010లో వచ్చిన వీడియో గేమ్ పరికరం కినెక్ట్ లోతును చూసే కెమెరాను ఇళ్లలోకి తెచ్చింది.

ఇంత చౌకైనా స్కానర్‌కు తెలిసేది పైపొర ఒక్కటే. అది ఇచ్చేది త్రిభుజాల వల. అందులోంచి సిలిండరేదో, సమతలమేదో గుర్తించి ఫ్రీక్యాడ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ గీయాల్సింది మనిషే. 6204 బేరింగు కూర్చునే గూడు అరిగి 47.3 మి.మీ. అయిందనుకోండి, స్కాన్ ఆ అరుగుదలనే నమ్మకంగా చూపిస్తుంది. ఆ బేరింగు వెలుపలి వ్యాసం 47 మి.మీ. అని తెలిసినవారే గూటిని సరిగ్గా గీయగలరు. అందుకే వంపులను స్కానర్‌కు వదిలేసి, బిగింపు కుదరాల్సిన చోట్లను వెర్నియర్‌తోనే కొలవాలి. లేత్ మేస్త్రీని అడిగాకే డ్రాయింగు ఖరారు చేయాలి.