తలుపు మూస్తే తాలింఖానా

1895. అప్పటి కాన్‌స్టాంటినోపుల్, ఇప్పటి ఇస్తాంబుల్. అక్కడ స్థిరపడ్డ జర్మన్లకు ఓ కసరత్తు సంఘం ఉండేది. జర్మన్ మాట్లాడే యూదు కుర్రాళ్లకు మాత్రం అందులో చోటు దొరకలేదు. దాంతో వాళ్లు సొంతంగా తాలింఖానా పెట్టుకున్నారు. తొలి యూదు వ్యాయామ సంఘం అదే.

కసరత్తు దగ్గర ఈ పేచీ ఏమిటంటారా? 1811లో బెర్లిన్ శివార్లలో ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ ఆరుబయట వ్యాయామశాల తెరిచాడు. నెపోలియన్ చేతిలో చితికిన జర్మన్లను కండబలంతో లేపి నిలబెట్టాలని ఆయన పంతం. అలా అక్కడ కసరత్తు దేశభక్తి అయింది. అది ముదిరి జాతిపిచ్చిలోకి దిగింది. 1887లో వియన్నాలో ఓ పెద్ద సంఘం ఆర్యులు కానివాళ్లను చేర్చుకోబోమని నియమం రాసుకుంది. తమాషా ఏమిటంటే, బయటపడ్డ యూదులు యాన్ పద్ధతిని వదల్లేదు. అవే పేరలల్ బార్లు, అదే కవాతు.

1898 ఆగస్టులో బాసెల్‌లో జరిగిన యూదు జాతీయవాదుల మహాసభలో డాక్టర్ మాక్స్ నోర్డావ్ 'కండలు తిరిగిన యూదుజాతి' కావాలని పిలుపిచ్చాడు. నాకు ఆ మాటతో కాస్త పేచీయే. యూదులు పీలగాళ్లని వెక్కిరించేవాళ్లతో ఆయన సగం ఒప్పుకున్నట్టే కదా! కుర్రకారుకు మాత్రం అది బాగా ఎక్కింది. అక్టోబరు తిరిగేసరికి బెర్లిన్‌లో 48 మంది కలిసి క్లబ్బు పెట్టారు. రెండో శతాబ్దంలో రోమ్‌పై తిరగబడ్డ బార్ కోఖ్బా పేరే దానికీ పెట్టుకున్నారు. మరోచోట సమ్సోను, ఇంకోచోట మక్కబీ. పేర్లన్నీ పాతకాలపు వీరులవే. 1921లో ఇలాంటి సంఘాలన్నీ కలిసి ప్రపంచ మక్కబీ సమాఖ్య అయ్యాయి.

అన్నింట్లోకీ ఊరించే కథ వియన్నా 'హకోవా'ది. హీబ్రూలో బలం అని అర్థం. పాటల రచయిత ఫ్రిట్జ్ లోనర్-బెడా, పళ్ల డాక్టరు ఇగ్నాజ్ కోర్నర్ వంటివాళ్లు 1909లో మొదలుపెట్టారు. ఫుట్‌బాల్, ఈత, కుస్తీ అన్నీ ఉండేవి. ఆటగాళ్ల చొక్కా మీద ఆరుకోణాల నక్షత్రం. 1923లో లండన్ వెళ్లి అక్కడి ఫుట్‌బాల్ జట్టు వెస్ట్‌హామ్‌ను 5-0తో ఓడించారు. వెస్ట్‌హామ్ తన పూర్తి బలగాన్ని దింపలేదన్నది వేరే సంగతి.

1925లో లీగ్ చివరి దశ మ్యాచ్. హకోవా గోల్‌కీపర్ షాండోర్ ఫాబియాన్ చెయ్యి విరిగింది. బదులు ఆటగాణ్ని దింపే వీలు ఆ రోజుల్లో లేదు. చేతికి కట్టుతోనే అతను ముందువరసలోకి వెళ్లాడు. గెలుపు గోల్ కొట్టిందీ అతనే. ఆ ఏడు ఆస్ట్రియా ఛాంపియన్ హకోవాయే.

1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించగానే క్లబ్బును మూసేసి, మైదానం లాక్కున్నారు. లోనర్-బెడా 1942లో ఆష్విట్జ్‌లో చనిపోయాడు. 2008లో హకోవా తన పాత మైదానం ఉన్నచోటే మళ్లీ ఆటల ఆవరణ తెరిచింది.