స్పైక్ మిల్లిగన్

స్పైక్ మిల్లిగన్ (1918 ఏప్రిల్ 16 - 2002 ఫిబ్రవరి 27) ప్రసిద్ధ హాస్యనటుడు, రచయిత, సంగీత కళాకారుడు. ఇతని అసలు పేరు టెరెన్స్ అలన్ మిల్లిగన్. ఇతడు బ్రిటిషు ఇండియాలో జన్మించి, రెండవ ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళ సైనికునిగా పోరాడాడు. యుద్ధంలో గాయపడిన తరువాత సైనికుల కొరకు ఊరూరా ప్రదర్శనలు ఇచ్చే వినోద బృందంలో చేరి, ఆ మార్గాన రంగస్థలం మీదికి వచ్చాడు. బి.బి.సి. రేడియోలో ప్రసారమైన "ది గూన్ షో" హాస్య ధారావాహిక ఇతనికి విశేషమైన పేరు తెచ్చింది.

బాల్యం

మిల్లిగన్ మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో జన్మించాడు. ఈ నగరానికి 2024లో అహిల్యానగర్ అని పేరు మార్చారు. తండ్రి లియో మిల్లిగన్ ఐర్లండుకు చెందినవాడు, భారతదేశంలో బ్రిటిషు సైన్యంలో ఉద్యోగి. తల్లి ఫ్లారెన్స్ ఇంగ్లీషు వనిత. తండ్రికి నాటకాలపైన, పాటలపైన మక్కువ ఎక్కువ. దండులో జరిగే వినోద ప్రదర్శనలలో అతడు పాల్గొనేవాడు. తల్లి పియానో వాయించేది. ఆ విధంగా సైన్యము, రంగస్థలము రెండూ మిల్లిగన్‌కు ఇంటిలోనే పరిచయమయ్యాయి.

ఇతని బాల్యం పూణేలోను, ఆపై రంగూన్‌లోను గడిచింది. అప్పట్లో బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగం. ఉత్తర కోస్తా నుండి ఓడలలో వలస వెళ్ళిన తెలుగువారు రంగూన్ రేవులోను, బియ్యం మిల్లులలోను పెద్ద సంఖ్యలో పనిచేస్తున్న కాలమది. 1930లలో తండ్రి ఉద్యోగం ముగియడంతో కుటుంబం లండన్ చేరుకుంది. దండులో సౌకర్యంగా సాగిన జీవితం పోయి, ఆగ్నేయ లండన్‌లో పేదరికం ఎదురైంది. మిల్లిగన్ చిన్న చిన్న ఉద్యోగాలు చేస్తూ గిటారు, ట్రంపెట్ నేర్చుకొని, జాజ్ సంగీత బృందాలలో వాయించాడు.

సైనిక జీవితం

1940లో సైన్యం నుండి పిలుపు రాగా మిల్లిగన్ రాయల్ ఆర్టిలరీకి చెందిన 56వ హెవీ రెజిమెంటులో సామాన్య సైనికునిగా చేరాడు. ఇంగ్లండు దక్షిణ తీరంలోని బెక్స్‌హిల్‌లో శిక్షణ పొందే రోజులలోనే తోటి సైనికులతో కలిసి ఒక జాజ్ బృందాన్ని నడిపాడు. 1943లో ఇతని దళం ఉత్తర ఆఫ్రికాకు వెళ్ళి ట్యునీషియా పోరాటంలో పాల్గొంది.

తరువాతి కాలంలో సహనటుడైన హ్యారీ సెకోంబ్‌ను మిల్లిగన్ మొదటిసారి కలుసుకున్నది అక్కడే. మిల్లిగన్ దళానికి చెందిన ఒక భారీ హోవిట్జర్ ఫిరంగి అదుపు తప్పి, గుట్ట మీది నుండి దొర్లి, సెకోంబ్ కూర్చున్న వాహనానికి సమీపంలో పడింది. కొంతసేపటికి మిల్లిగన్ వచ్చి, ఫిరంగిని ఎవరైనా చూశారా అని తాపీగా అడిగాడని సెకోంబ్ చెప్పేవాడు.

గాయము, మానసిక అస్వస్థత

1943 సెప్టెంబరులో మిత్రరాజ్యాల సేనలు ఇటలీలో దిగాయి. మిల్లిగన్ దళం కూడా ఆ పోరాటంలో పాల్గొంది. 1944 జనవరిలో మోంటే కసీనో ప్రాంతంలో జరిగిన యుద్ధంలో మోర్టారు గుండు పేలి ఇతడు గాయపడ్డాడు. కాలికి తగిలిన గాయం మానింది కాని మనసు చెదిరిపోయింది. పూర్తిగా కోలుకోక ముందే తిరిగి దళానికి పంపగా, ఫిరంగి మ్రోగినప్పుడల్లా వణికిపోయేవాడు, మాట తడబడేది. అధికారి ఇతనిని పిరికివానిగా చూశాడని, తనకున్న చిన్న హోదాను కూడా తొలగించి మామూలు సైనికునిగా చేశారని మిల్లిగన్ తన జ్ఞాపకాలలో వ్రాసుకున్నాడు. అంతవరకు తాను ప్రేమించిన దళం నుండి విడిపోవలసి రావడం ఇతనిని మిక్కిలి బాధించింది.

రంగస్థల ప్రవేశం

పోరాటానికి పనికిరాడని తేలిన మిల్లిగన్ కొంతకాలం యుద్ధరంగానికి దూరంగా గుమాస్తా పనులు చేశాడు. అటు తరువాత సైన్యపు వినోద విభాగంలో చేరాడు. యుద్ధం వలన అలసిపోయిన సైనికులకు ఆటపాటలతో ఉల్లాసం కలిగించడం ఈ విభాగం పని. అక్కడ వయొలిన్ విద్వాంసుడు బిల్ హాల్, డబుల్ బాస్ వాయించే జానీ మల్‌గ్రూలతో కలిసి, తాను గిటారు వాయిస్తూ "బిల్ హాల్ ట్రియో" అనే బృందంలో పాల్గొన్నాడు. ముగ్గురూ చిరిగిన దుస్తులు ధరించి, వెర్రి చేష్టలు చేస్తూనే మంచి జాజ్ సంగీతం వినిపించేవారు. ఈ బృందం ఇటలీలోను, ఆస్ట్రియాలోను పర్యటించింది. యుద్ధానంతరం బ్రిటన్‌లో కూడా ప్రదర్శనలు ఇచ్చింది.

ఆ తరంలోని పలువురు బ్రిటిషు హాస్యనటులు సైనిక వినోద బృందాల నుండి వచ్చినవారే. సెకోంబ్ కూడా ఇటలీలో ఇటువంటి ప్రదర్శనలు ఇచ్చాడు. వైమానిక దళంలో పనిచేసిన పీటర్ సెల్లర్స్ వినోద బృందంతో భారతదేశానికి కూడా వచ్చాడు.

గూన్ షో

మిల్లిగన్, సెకోంబ్, సెల్లర్స్, మైకేల్ బెంటీన్ కలిసి రూపొందించిన రేడియో కార్యక్రమం 1951 మే 28న "క్రేజీ పీపుల్" పేరుతో మొదలైంది. మరుసటి సంవత్సరం నుండి "ది గూన్ షో"గా ప్రసిద్ధమై 1960 జనవరి 28 వరకు సాగింది. వింత శబ్దాలు, అర్థంలేని తర్కం, మూర్ఖులైన సైనికాధికారులు ఇందులో ప్రధానంగా కనిపిస్తాయి. చాలా భాగాలకు మిల్లిగనే ప్రధాన రచయిత. వారం వారం కొత్త రచన చేయవలసిన ఒత్తిడికి తట్టుకోలేక 1952 చివరలో తీవ్రమైన మానసిక వ్యాధికి గురై ఆసుపత్రి పాలయ్యాడు. ఉన్మాదము, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే ఆ వ్యాధి జీవితాంతం వెంటాడింది. దానిని దాచుకోకుండా బహిరంగంగా మాట్లాడిన తొలి ప్రముఖులలో ఇతడు ఒకడు. మానసిక వైద్యుడు ఆంథొనీ క్లేర్‌తో కలిసి కుంగుబాటు గురించి 1993లో ఒక పుస్తకం కూడా ప్రచురించాడు.

నాటకాలు, రచనలు

జాన్ ఆంట్రోబస్‌తో కలిసి వ్రాసిన "ది బెడ్ సిట్టింగ్ రూమ్" నాటకం అణుయుద్ధం తరువాతి లోకాన్ని హాస్యంగా చూపుతుంది. ఇది 1969లో చలనచిత్రంగా వచ్చింది. రష్యన్ రచయిత గోంచరోవ్ నవల ఆధారంగా 1964లో ప్రదర్శించిన "ఒబ్లమోవ్" గంభీరమైన నాటకం. అందులో ప్రధాన పాత్ర ధరించిన మిల్లిగన్ వ్రాసిన మాటలు వదలి, అప్పటికప్పుడు తోచినది చెప్పడం మొదలుపెట్టాడు. నాటకం పూర్తిగా హాస్య ప్రదర్శనగా మారి, "సన్ ఆఫ్ ఒబ్లమోవ్" అనే కొత్త పేరుతో విజయవంతంగా నడిచింది.

1971లో వెలువడిన "అడాల్ఫ్ హిట్లర్: మై పార్ట్ ఇన్ హిజ్ డౌన్‌ఫాల్" ఇతని యుద్ధ జ్ఞాపకాలలో మొదటి సంపుటం. మొత్తం ఏడు సంపుటాలు వచ్చాయి. వీటిలో నవ్వు పుట్టించే సంఘటనల మధ్యనే మరణించిన మిత్రుల పట్ల దుఃఖం కూడా కనిపిస్తుంది. పిల్లల కొరకు వ్రాసిన హాస్య గేయాలు కూడా ఇంగ్లీషు పాఠకులకు సుపరిచితాలు. మాంటీ పైథాన్ బృందంపై ఇతని ప్రభావం ఉన్నదని ఆ బృంద సభ్యులే చెప్పారు.

పౌరసత్వం

బ్రిటన్ పక్షాన యుద్ధం చేసి గాయపడినప్పటికీ, భారతదేశంలో జన్మించిన ఐర్లండు దేశస్థుని కుమారుడు కావడం వలన, చట్టాల మార్పుతో మిల్లిగన్‌కు బ్రిటిషు పౌరసత్వం విషయంలో చిక్కులు ఎదురయ్యాయి. రాజభక్తి ప్రమాణం చేయడానికి నిరాకరించి 1962లో ఐర్లండు పౌరసత్వం స్వీకరించాడు. ఈ కారణంగా తరువాత బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చిన బిరుదులు గౌరవ బిరుదులుగానే లభించాయి.

మరణం

2002 ఫిబ్రవరి 27న ఇంగ్లండులోని రై పట్టణ సమీపంలో తన స్వగృహంలో మరణించాడు. సమాధి వించెల్సీ గ్రామ చర్చి ఆవరణలో ఉన్నది. తనకు జబ్బుగా ఉన్నదని ముందే చెప్పానుగదా అనే అర్థం వచ్చే వాక్యాన్ని తన సమాధి ఫలకంపై వ్రాయించాలని మిల్లిగన్ కోరేవాడు. ఆ వాక్యం ఐరిష్ భాషలో ఫలకంపై చెక్కబడి ఉన్నది.