సైలెంట్ హిల్ హెచ్‌డీ కలెక్షన్

పాత వీడియో గేములను కొత్త యంత్రాల మీదికి తెచ్చిన సంపుటాల్లో బాగా చెడ్డపేరు మూటగట్టుకున్న వాటిలో ఇదొకటి. జపాన్ సంస్థ కొనామి 2012 మార్చిలో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360ల కోసం దీన్ని విడుదల చేసింది. 2001 నాటి సైలెంట్ హిల్ 2, 2003 నాటి సైలెంట్ హిల్ 3 ఇందులో ఉన్నాయి. కొత్త యంత్రాలకు మార్చే పని హైజింక్స్ స్టూడియోస్ చేసింది. తప్పంతా ఆ స్టూడియో మీదికి నెట్టేయడం తేలికే కానీ, నష్టం చాలావరకు అంతకు ముందే, కోడ్‌ను జాగ్రత్తగా దాచుకోకపోవడంతోనే జరిగిపోయింది. కొనామి దగ్గర మిగిలిన సోర్స్ కోడ్, విడుదలైన ఆటల తుది కోడ్ కాదని నిర్మాణ బాధ్యుల్లో ఒకరైన టామ్ హ్యూలెట్ అప్పట్లో చెప్పారు. తొలి బృందం విడుదలకు ముందు ఏరిపారేసిన తప్పులు కూడా దాంతో తిరిగొచ్చాయి. ఒక దశలో మూడో ఆట కథానాయిక హెదర్ నీలం రంగులో కనిపించిందట. అచ్చయిన పుస్తకం పోయి, దిద్దని ప్రూఫులు మిగిలితే వచ్చే అవస్థే ఇది.

ఎక్కువ దెబ్బ తగిలింది ఈ ఆటల్లో సైలెంట్ హిల్ ఊరిని కమ్మి ఉండే పొగమంచుకు. పాత యంత్రాలు దూరపు దృశ్యాలను గీయలేవు కాబట్టే పొగమంచు పెట్టారని, యంత్రం బలపడ్డాక దాని అవసరం తీరిపోయిందని కొందరు వాదించవచ్చు. పుట్టుకకు కారణం అదే అయినా, ఆ ఊరిని, దాని భయాన్ని ఆ మసక మీదే కట్టారు. రెండో ఆట కథానాయకుడు జేమ్స్ టొలుకా సరస్సులో పడవ వేసుకుని వెళ్లే ఘట్టం చూస్తే ఇది తెలిసిపోతుంది. పాత ఆటలో ఒడ్డు ఎటుందో తెలియని తెల్లదనం కమ్ముకుని ఉంటుంది. సంపుటంలో ఆ తెర పలచబడి, సరస్సు నీరు గీత గీసినట్టు ఆగిపోయే అంచు బయటపడింది.

కోడ్ లేనప్పుడు ఎవరైనా ఇంతకన్నా ఏం చేయగలరనే ప్రశ్న న్యాయమైనదే. అయితే అభిమానులు సోర్స్ కోడ్ లేకుండానే, రెండో ఆట పాత పీసీ ప్రతిని పట్టుకుని ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ పేరుతో పొగమంచును మళ్లీ నిలబెట్టారు. వాళ్లను విడుదల తేదీ తరమలేదన్నది నిజం. కానీ వాళ్లు నమ్ముకున్నది అంగడిలో అమ్మిన తుది ప్రతినే. సరిపోల్చుకోవడానికి అది కొనామికీ అందుబాటులో ఉన్నదే కాబట్టి, కోడ్ పోవడం కొన్ని లోపాలకు కారణమవుతుందే తప్ప అన్నింటికీ సాకు కాదు. లోపాలను సరిదిద్దేందుకు ప్లేస్టేషన్ 3కు తర్వాత ఒక ప్యాచ్ వచ్చింది. ఎక్స్‌బాక్స్ 360 ప్యాచ్‌ను 2012 ఆగస్టులో రద్దు చేశారు. ఆ డిస్కు కొన్నవాళ్లకు ఆట ఆ లోపాలతోనే మిగిలింది.