బందరు బట్ట, మలక్కా పులుసు

సింగపూర్‌లో నేను చేసిన మొదటి తెలివైన పని గైలాంగ్ సెరాయ్ మార్కెట్ మేడ మీద, కూరల ముందు నిలబడి వేలు చూపించడం. గాజు అర వెనక పళ్ళేలు వరసగా ఉంటాయి. కావలసిందేదో చూపిస్తే అన్నం మీద వేసిస్తారు. నాసి పాడాంగ్ అంటారు దీన్ని. నాసి అంటే అన్నం, పాడాంగ్ సుమత్రా పశ్చిమ తీరంలో ఒక ఊరు. తిరువూరు కర్రీ పాయింట్‌ల చుట్టూ తిరిగి పెద్దయినవాడికి ఈ పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేదు. కాకపోతే మనం పార్సెల్ కట్టించుకుని ఇంటికి పోతాం, వాళ్ళు అక్కడే కూర్చుని తింటారు.

నాతో వచ్చిన ఆఫీసు మిత్రుడు మలయా అబ్బాయి. వాడు అసమ్ పెడాస్ వేయించుకోమన్నాడు. అసమ్ అంటే పులుపు, పెడాస్ అంటే కారం. చింతపండు రసంలో ఉడికిన టేకు చేప ముక్క, పైన ఎర్రగా తేలిన నూనె. ఒక ముద్ద తినగానే ఫొటో తీసి అమ్మకి పంపాను: "ఇక్కడ కూడా చేపల పులుసు ఉందే, ఇది మనదే!"

పది నిమిషాల్లో జవాబొచ్చింది: "మనదైతే మెంతులేవిరా?"

మెంతులు నిజంగానే లేవు. వాటి బదులు ఘాటుగా వాసనేసే ఏదో ఆకు ఉంది. అది దౌన్ కెసుమ్ అని తర్వాత తెలిసింది. కానీ నా తలకి ఎక్కిన "మనదే" అంత తేలిగ్గా దిగలేదు. ఎందుకు దిగలేదో చెప్పాలంటే కాస్త బందరు గురించి చెప్పుకోవాలి.

2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా మా తిరువూరుకి జిల్లా కేంద్రం బందరే. కలెక్టరాఫీసు పని పడితే తప్ప ఆ ఊరు గుర్తొచ్చేది కాదు. అదే ఊరు పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానులకి సముద్రం మీదకి తెరిచిన వాకిలి. డచ్చివాళ్ళు 1605లోనూ, ఇంగ్లీషువాళ్ళు 1611లోనూ అక్కడికొచ్చారు. మన మీద మోజుతో రాలేదు. వాళ్ళకి కావలసింది మిరియాలు, లవంగాలు, జాజికాయ. అవి పండే దీవుల్లో వెండి కంటే బాగా చెల్లింది మన తీరం బట్ట. కృష్ణా డెల్టా చిరివేరుతో ఎర్రరంగు వేసిన బట్ట ఇక్కడ కొని, అక్కడ మసాలా దినుసులకి మార్చేవాళ్ళు. ఆ పనికి మిగిలిన ఆనవాలు చూడాలంటే బందరు పక్కన పెడనకి వెళ్ళాలి.

ఈ వ్యాపారంలో నాకు బాగా నచ్చిన మనిషి పీటర్ ఫ్లోరిస్. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడలో పెటపోలికి, అంటే మన నిజాంపట్నానికి, అక్కణ్ణుంచి మచిలీపట్నానికి వచ్చి బట్టలు కొన్నాడు. మరుసటేడు మలయా ద్వీపకల్పం తూర్పు తీరాన ఉన్న పటానీలో అమ్మకానికి పెట్టాడు. తీరా చూస్తే అంచు దగ్గర సన్నటి తెల్ల గీత విషయంలో తేడా వచ్చి ధర పడిపోయింది. ఇంత చిన్న సంగతికి ఇంత నష్టమా అని తన డైరీలో వాపోయాడు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఒక్క లైను సరిగా చదవక రిలీజ్ తగలేసుకున్నవాళ్ళకి ఫ్లోరిస్ బాధ ఇట్టే అర్థమవుతుంది. మలయా కొనుగోలుదారు అంత ఖచ్చితమైన మనిషి. అతని అభిరుచికి తగ్గట్టే ఇక్కడ అద్దకాలవాళ్ళు పనిచేశారు. ఆ బట్టకి బదులుగా వచ్చిన లవంగం ఆ అద్దకాలవాడి కూరలో పడిందని మాత్రం నేను అనుకోను.

ఇదంతా చదివాక నా ఉత్సాహం ఇంకా పెరిగింది. పోర్చుగీసువాళ్ళు 1511లో మలక్కాని పట్టుకున్నారు. ఆ మరుసటేడు అక్కడికి చేరిన టోమె పిరెస్ ఆ రేవులోని పెద్ద వర్తకుల్లో కెళింగుల గురించి రాశాడు. ఆ మాటకి మూలం కళింగ. మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళని, తెలుగువాళ్ళయినా తమిళులైనా, హిందువులైనా ముస్లిములైనా, మలయావాళ్ళు అలాగే పిలిచేవాళ్ళు. మలక్కాలో 1748 నాటి మసీదు పేరు ఇప్పటికీ కంపుంగ్ క్లింగ్.

మర్నాడు లంచ్‌లో ఆ మిత్రుడితో గొప్పగా చెప్పాను: "మేం కెళింగులం తెలుసా, అయిదొందల ఏళ్ళ నుంచీ మీకు చుట్టాలం." వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ఆ మాట ఇక్కడ అనకు అన్నాడు. తర్వాత తెలిసింది, ఎస్టేట్లకి కూలీలుగా తెచ్చిన మనవాళ్ళని అదే మాటతో తిట్టారని. ఓడల మీద దర్జాగా వెళ్ళిన పేరు రబ్బరు తోటల్లో తిట్టయింది. సింగపూర్‌లో క్లింగ్ స్ట్రీట్ పేరుని చూలియా స్ట్రీట్‌గా మార్చిందీ అందుకే. బందరు వైభవం గురించి రాసే మనవాళ్ళు ఓడల దగ్గరే ఆగిపోతారు. పెరాక్‌లో బగాన్ దతో కొబ్బరి తోటల దాకా రారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరగడానికి కారణం వర్తకుల మనవలు కాదు, ఆ తోటల్లో పనిచేసినవాళ్ళ పిల్లలు.

మరి ఆ పాత వర్తకుల సంతతి ఏమైంది? అక్కడి ఆడవాళ్ళని పెళ్ళి చేసుకుని మలక్కాలోనే ఉండిపోయినవాళ్ళు చెట్టి మెలాకా అయ్యారు. పెరనకాన్ అంటే అక్కడే పుట్టినవాళ్ళు అనే అర్థం, లోపల 'అనక్' అంటే బిడ్డ. పెరనకాన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది చైనా సంతతి బాబా-న్యోన్యాలు. ఈ చెట్లు వాళ్ళకి భారతీయ వైపు దాయాదుల్లాంటివాళ్ళు. ఇంట్లో మాట్లాడేది మలయా. ఆడవాళ్ళు కట్టేది సరోంగు, కెబాయా. గుళ్ళు మాత్రం మనవే. 1781లో కట్టిన పొయ్యాద వినాయగర్ గుడి ఇప్పటికీ వాళ్ళదే.

న్యోన్యా వంట కూడా చాలాకాలం ఇళ్ళు దాటలేదు. బువా కెలువాక్ గింజనే చూడండి. పచ్చిగా తింటే విషం, రోజుల తరబడి నానబెట్టి లోపలి నల్లటి గుజ్జు తీసి కోడికూరలో వేస్తారు. అంత చాకిరీ హోటలువాడెవడు చేస్తాడు? 1974లో లీ క్వాన్ యూ తల్లి తన వంటలని పుస్తకంగా వేసింది. మనం ఇవాళ జూ చియాట్‌లో టీషర్టు వేసుకుని వెళ్ళి కూర్చునే పెరనకాన్ హోటళ్ళు చాలావరకు ఆ తర్వాతి కాలానివే. అక్కడ ఓ ఆదివారం కంగ్‌కుంగ్ అని తెచ్చిపెట్టారు. చూస్తే తూటికూర, మా కాలవల్లో ఎవరూ పట్టించుకోని తూటికూర! రొయ్యల ముద్ద బెలచాన్‌తో వేయించారు. (శాకాహారులు జాగ్రత్త, ఆకుకూర కదా అని ఆర్డరిచ్చేయకండి.) ఈసారి అమ్మకి ఫొటో పంపానుగానీ "మనదే" అని రాయలేదు.

మిరప సంగతి కూడా ఇలాంటిదే. పోర్చుగీసువాళ్ళ పుణ్యాన అది రెండు తీరాలకీ వచ్చింది. తెలుగులో మిరియం పేరులోంచి మిరప పుట్టింది. మలయాలో మిరియాన్ని లాడా అనేవాళ్ళు, మిరపకీ అదే పేరు పెట్టారు. ఇందులో ఎవరూ ఎవరికీ నేర్పినట్టు లేదు. కొత్త కారానికి ఎవరికి వాళ్ళు తెలిసిన కారం పేరు పెట్టుకున్నారంతే. అసమ్ పెడాస్ కూడా అలాంటిదేనేమో. సముద్రం, చింతపండు, మిరప ఉన్నచోట పులుసు పుట్టడానికి బందరు ఓడ అక్కర్లేదు.

అయితే ఒకటుంది. చెట్టి మెలాకా వాళ్ళకి ఏడాదికి రెండుసార్లు పర్చు అనే పండగ. అరిటాకుల్లో పెద్దలకి ఇష్టమైన వంటలన్నీ వడ్డించి, ధూపం వేసి, వాళ్ళు తిన్నారనుకున్నాక మిగతావాళ్ళు తింటారు. ఒకటి పళ్ళ కాలంలో వస్తుంది. రెండోది జనవరిలో, పొంగల్ ముందురోజు. దాని పేరు భోగి.

మొన్న భోగికి తిరువూరులోనే ఉన్నాను. అమ్మకి ఈ సంగతి చెప్పాను. చింతపండు పిసుకుతూ వింది. వాళ్ళు ఆ ఆకులో చేప కూడా పెడతారా అని అడిగింది. పెడతారన్నాను. "పెద్దలకేగా," అని మెంతుల డబ్బా అందుకుంది.