నీరడి విత్తుల నూనె

నిజామాబాదు సమీపమున ఉన్న డిచ్‌పల్లి పేరు మన పెద్దలలో పలువురికి అక్కడి కుష్ఠురోగుల ఆసుపత్రి వలననే తెలియును. స్కాట్లండు నుండి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ 1915లో దానిని నెలకొల్పినారు. స్థానికులైన రాజా నర్సాగౌడు ధనసహాయము చేసినారు. ఆ కాలమున ఈ రోగమునకు వైద్యులు నమ్ముకొన్న మందు ఒక గింజల నూనె. చెట్టు మందులలో హాని లేదనే వారికీ, వానిలో పస లేదనే వారికీ కూడా ఆ నూనె కథ వినిపించవలెనని మాకు తోచినది.

పడమటి కనుమల అడవులలో పెరిగే ఆ చెట్టు గింజలను మనవారు నీరడి విత్తులన్నారు. సంస్కృతములో ఇది తువరకము. సుశ్రుత సంహిత దీని నూనెను కుష్ఠునకు విధించినది. (కుష్ఠమనే మాట ఆనాడు అనేక చర్మవ్యాధులకు చెల్లేదని మరువరాదు.) దీనికి దగ్గరి చుట్టమై, అస్సాము, బర్మాలలో పెరిగే చెట్టుదే చాల్మూగ్రా నూనె. కలకత్తాలోని మోవట్ అనే వైద్యుడు 1854లో దీనిని గూర్చి వ్రాసిన పిదప పాశ్చాత్యులు చేపట్టినారు. 1873లో నార్వే వైద్యుడు హాన్‌సెన్ రోగకారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు గాని, దానిని చంపే మందు ఆయనకూ దొరకలేదు.

నూనె మింగితే వాంతి అయ్యేది. సూదితో ఎక్కిస్తే ఒంటిలో ఇంకక, చర్మము క్రింద బొబ్బలు వరుసలు కట్టేవి. ఈ చిక్కును విప్పినది హవాయిలోని నల్లజాతి రసాయన శాస్త్రజ్ఞురాలు ఆలిస్ బాల్. 1915లో, తన 23 ఏండ్ల ప్రాయమున, ఆమె నూనెలోని ఆమ్లములను ఆల్కహాలుతో సంయోగపరచి, ఒంటిలో ఇంకే పలుచని సూదిమందుగా మార్చినది. తన పనిని ప్రకటించకమునుపే 1916 డిసెంబరు 31న మరణించినది. ఆ పద్ధతి ఆమె కళాశాల అధ్యక్షుడైన డీన్ పేరిట చెల్లినది! ఆమెకు ఈ పని అప్పగించిన డాక్టరు హోల్‌మన్ 1922లో అది బాల్ పద్ధతియని వ్రాసినాడు. విశ్వవిద్యాలయము చాల్మూగ్రా చెట్టు వద్ద ఆమె పేర ఫలకము నిలిపినది మాత్రము 2000లో.

ఇక ఫలితము. కొందరికి మచ్చలు మానినవి; రోగము తిరుగబెట్టినవారు అనేకులు. అయినను, మందున్నదన్న మాట విని, దాగియుండే రోగులు తమంత తాముగా వైద్యుని గడప త్రొక్కినారు. నూనె చేసిన పెద్ద మేలు ఇదేనని మేము తలుస్తాము.

1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో ఫాగెట్ సల్ఫోను మందును ప్రయోగించినాడు. తరువాత చౌకగా డాప్సోన్ మాత్రలు వచ్చినవి, నూనె మూలబడినది. డాప్సోన్ ఒక్కదానికీ సూక్ష్మజీవి లొంగని రోజు రాగా, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రిఫాంపిసిన్, క్లోఫజిమిన్‌లను దానితో జోడించవలెనన్నారు. ఆ క్లోఫజిమిన్‌కు దారితీసిన పరిశోధన ఐర్లండులో మొదలైనది, మన వంటింటి రాతిపూవు జాతికి చెందిన ఒకదానిలోని పదార్థముతో.