ముందుచూపు లేని యుద్ధం

మా నూజివీడు పేరు చెప్పగానే అందరికీ రసాలు గుర్తొస్తాయి. తోటల మధ్య పుట్టి పెరిగినదాన్ని కనక, నాకు మాత్రం ఆ రసం వెనకాల పడే పాట్లు గుర్తొస్తాయి. కాయ చేతికొచ్చేది వేసవిలో. దుక్కి దున్నేది వానాకాలంలో, పూతకి మందు కొట్టేది చలికాలంలో. పూత మాడిపోయాక ఎంత ఏడ్చినా ఒక్క పిందె నిలవదు.

ఇదంతా ఎందుకంటే, ఈమధ్య మన సైన్యాధికారుల పుస్తకాల మీద మనసు పోయింది. యుద్ధాల సంగతి ఆడవాళ్ళకెందుకు అనకండి. అక్కడికి వెళ్ళేది మనం కన్నబిడ్డలే కదా! ఆ పుస్తకాల్లో నాకు వీరగాథల కన్నా విచారమే ఎక్కువ కనిపించింది. అదీ చావు గురించి కాదు, ముందే చేసుకోవలసిన పని చేసుకోలేదే అన్న విచారం.

బ్రిగేడియర్ జాన్ దాల్వీగారినే చూడండి. 1962లో ఆయన ఏడవ బ్రిగేడుకి అధిపతి. ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో, నామ్కా చూ అనే చిన్న నది ఒడ్డున ఆయన మనుషుల్ని నిలబెట్టారు. ఎముకలు కొరికే చలి. ఒంటిమీద నూలుబట్టలు, మనిషికో కంబళి, తుపాకీకి 50 తూటాలు. విమానాల్లోంచి జారవిడిచిన సామాను చాలావరకు లోయల్లో పడి దొరికేది కాదు. ఆ చోటు పోరాటానికి పనికిరాదని ఆయన మొత్తుకున్నా పైవాళ్ళు వినలేదు. అక్టోబరు 20న తెల్లవారుతూనే చైనా సేనలు విరుచుకుపడ్డాయి. కొద్ది గంటల్లో బ్రిగేడు చెదిరిపోయింది. రెండు రోజులకి దాల్వీగారు వాళ్ళ చేతికి చిక్కి, మర్నాటి యేడు మే దాకా బందీగా ఉన్నారు. 1969లో ‘హిమాలయన్ బ్లండర్’ అన్న పుస్తకం రాశారు. అందులో కోపం చాలా ఉంది. ఆ కోపం అడుగున తన జవాన్ల మీద బెంగ ఉంది.

వంటింటి భాషలో చెప్పాలంటే, చుట్టాలు గుమ్మంలోకొచ్చాక వడ్లు దంచడానికి కూర్చోవడమన్నమాట!

ఆ యేడు ఆ కొండల్లోనే మరోచోట పనిచేసిన హవల్దారుగారొకరు మా వీధిలో ఉండేవారు. ‘యుద్ధమంటే భయం వెయ్యలేదా బాబాయిగారూ?’ అని అడిగితే, ‘భయం గుర్తులేదమ్మా, చలి గుర్తుంది. పక్కవాడు వణుకుతుంటే నా కంబళి సగం ఇద్దామనుకున్నా. అది సగానికి వచ్చే కంబళి కాదు’ అనేవారు.

మరి పాఠం నేర్చుకున్నామా అంటే, నేర్చుకున్నాం. మన తెలుగువారు జనరల్ కె.వి. కృష్ణారావుగారు 1942లో సైన్యంలో చేరారు. 1971 యుద్ధంలో ఎనిమిదవ పర్వత డివిజనుని సిల్హెట్ వైపు నడిపించారు. అప్పుడు శరణార్థులు లక్షలమంది వచ్చిపడుతున్నా మనవాళ్ళు తొందరపడలేదు. వానలకి పొంగిన నదులు తగ్గాలి, హిమాలయ కనుమలు మంచుతో మూసుకుపోవాలి అని కాచుకున్నారు. ఆ నెలల్లో నిల్వలన్నీ సమకూర్చుకున్నారు. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో ముగిసింది.

గెలిచాం కదా అని చేతులు దులుపుకోనూ లేదు. ముందు ముందు సైన్యం ఎలా ఉండాలో తేల్చడానికి 1975లో వేసిన కమిటీకి కృష్ణారావుగారే అధ్యక్షులు. 1981 నుంచి 1983 దాకా ఆయన సైన్యాధిపతి. 1991లో వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘ప్రిపేర్ ఆర్ పెరిష్’. సిద్ధపడు, లేదా నశించు అని! నలభై యేళ్ళ కొలువు సారమంతా ఆ పేరులోనే ఉంది.

అయితే ముందుచూపు ఉన్నంతమాత్రాన అందరూ ఇల్లు చేరరు. 1971లోనూ వేల ఇళ్ళల్లో దీపాలు ఆరిపోయాయి. కాకపోతే, చేతిలో తూటా లేకనో, ఒంటిమీద వెచ్చటి బట్ట లేకనో పోయాడన్న మాట ఏ తల్లీ వినకూడదు. అందుకే కొడుకుని సైన్యానికి పంపే తల్లి వీరతిలకం దిద్ది ఊరుకోకూడదంటాను. వాడికి బూట్లు ఇచ్చారా, చలికోటు ఇచ్చారా అని గట్టిగా అడగాలి. అలా అడగడం పిరికితనమని ఎవరైనా అంటే, అననివ్వండి.